సైకిల్ బరువెక్కితే కాళ్ళని తిట్టుకోకండి

ఇంటి నుంచి ఆఫీసుకి ఐదారు కిలోమీటర్లుంటే ఆ దూరం సైకిల్‌కి చాలా తేలిక. గంటకి 15 కిలోమీటర్ల వేగం పెద్దగా ఆయాసపడకుండానే వస్తుంది. ఆ లెక్కన 6 కిలోమీటర్లకి 24 నిమిషాలు, సిగ్నళ్ళు కలుపుకుంటే అరగంట. అయినా అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో దుమ్ముకొట్టుకుపోయిన సైకిళ్ళే ఎక్కువ. కొన్న కొత్తలో నాలుగు రోజులు తొక్కుతారు, తొడలు పట్టేస్తాయి, మోకాళ్ళు నొస్తాయి, ‘ఇది మనవల్ల అయ్యే పని కాదు’ అని తాళం వేసి వదిలేస్తారు. అలా వదిలేసిన సైకిల్‌ని బయటికి తీసి చూస్తే మామూలుగా మూడు విషయాలు బయటపడతాయి. టైర్లలో సగం గాలే ఉంటుంది, సీటు మరీ కిందికి ఉంటుంది, చైను ఎండిపోయి ఉంటుంది. ఈ మూడూ సరిచేస్తే అదే సైకిలు, అవే కాళ్ళు, కానీ తొక్కే శ్రమ సగానికి సగం తగ్గినట్టుంటుంది. గేర్ల సైకిలు కొనాలా, ముప్పై వేలది కొనాలా అన్న ఆలోచన ఆ తర్వాత.

గాలితో మొదలుపెడదాం. పంచర్ లేకపోయినా ట్యూబులో గాలి తగ్గుతూనే ఉంటుంది. రబ్బరు గోడలోంచే అది కొద్దికొద్దిగా బయటికి పోతుంది. స్కూటర్ టైరుతో పోలిస్తే సైకిల్ ట్యూబు పల్చన, లోపల పట్టే గాలి తక్కువ, ఒత్తిడి మాత్రం ఎక్కువ. అందుకే వారానికోసారి గాలి కొట్టాల్సిందే. ఎంత కొట్టాలో టైరు పక్కగోడ మీద అచ్చయి ఉంటుంది, అయితే అక్కడ వేసేది చాలావరకు గరిష్ఠ పరిమితి. 70 కిలోల మనిషి మన రోడ్ల మీద తొక్కడానికి 700x35 సైజు టైరులో 55 నుంచి 65 పీఎస్ఐ (పంపు మీటరు మీద ఉండే గాలి ఒత్తిడి కొలత), 26x1.95 మౌంటెన్ టైరులో 40 నుంచి 50 దాకా సరిపోతుంది. వెనక చక్రం మీద బరువు ఎక్కువ పడుతుంది కాబట్టి ముందుదానికన్నా వెనకదానికి ఐదారు పీఎస్ఐ ఎక్కువ పెట్టండి. బొటనవేలితో నొక్కి చూసి ‘గట్టిగానే ఉందిలే’ అనుకోవద్దు. 30కీ 50కీ తేడా వేలికి తెలియదు, తొక్కేటప్పుడు కాలికి తెలుస్తుంది.

ఆ గాలి ఎలా కొట్టాలన్నది వాల్వ్‌ని బట్టి ఉంటుంది. పాత రోడ్‌స్టర్ సైకిళ్ళలో, అంటే రాడ్ బ్రేకులుండే పెద్ద సైకిళ్ళలో, వాల్వ్ లోపలి పిన్ను మీద చిన్న రబ్బరు గొట్టం తొడిగి ఉంటుంది. అదే వాల్ ట్యూబు. అది ఎండకి గట్టిపడి చీలితే రాత్రికి రాత్రే గాలి దిగిపోతుంది. జనం పంచర్ అనుకుని చక్రం విప్పిస్తారు. ముందు ఒక పని చేయండి. గాలి కొట్టి, వేలికి కాస్త ఉమ్ము అద్దుకుని వాల్వ్ మూతి మీద పొరలా రాయండి. పొర ఉబ్బి బుడగ వచ్చిందంటే దోషం వాల్ ట్యూబుది. పిన్ను బయటికి లాగి, పాత గొట్టం ఒలిచేసి, కొత్త ముక్కని కొద్దిగా తడిపి, పిన్ను పక్కనున్న చిన్న రంధ్రం పూర్తిగా మూసుకునేదాకా తొడగాలి. ఖర్చు నామమాత్రం, పని రెండు నిమిషాలది. ఈ రకం వాల్వ్‌కి పంపు మీది మీటరు లోపలి ఒత్తిడిని సరిగ్గా చూపించదు. కాబట్టి గాలి కొట్టాక సైకిల్ మీద కూర్చుని వెనక టైరు చూడమని ఎవరికైనా చెప్పండి. నేలకి ఆనేచోట పక్కలకి కొద్దిగా మాత్రమే ఉబ్బాలి. అసలు ఉబ్బకపోతే గాలి ఎక్కువ, రిమ్ము నేలకి దగ్గరగా దిగిపోతే తక్కువ.

కొత్త సైకిళ్ళలో ఎక్కువగా మోటార్‌సైకిల్‌కి ఉండే రకం లావు వాల్వే ఉంటుంది. పెట్రోల్ బంకులో గాలి పట్టించుకోవచ్చు, కానీ ఒక జాగ్రత్త. అక్కడి గొట్టం కార్ల టైర్లు నింపడానికి పెట్టింది. సైకిల్ ట్యూబు కళ్ళు మూసి తెరిచేలోగా నిండిపోయి టైరు అంచు రిమ్ము దాటి బయటికి రాగలదు. ఒక్కో క్షణమే నొక్కి వదులుతూ ఆగి చూసుకోమని బంకు అబ్బాయికి చెప్పండి. మీటరున్న నిలువు పంపు ఇంట్లో పెట్టుకోవడం అన్నింటికన్నా మంచి పద్ధతి. సైకిల్‌కి అదనంగా ఒకే ఒక్క వస్తువు కొనాలంటే నేను ఆ పంపే కొనమంటాను.

ఎండలో పెడితే టైరు పేలుతుందన్న భయం చాలామందికి ఉంది. 30 డిగ్రీల్లో 60 పీఎస్ఐ కొట్టిన టైరు ఎండకి 60 డిగ్రీలు ఎక్కిందనుకుందాం, లోపలి ఒత్తిడి పెరిగేది ఏడెనిమిది పీఎస్ఐ మాత్రమే. గరిష్ఠ పరిమితి దాకా బిగించి నింపితే తప్ప మంచి టైరుకి ఇది ప్రమాదం కాదు. ఎండ చేసే అసలు నష్టం వేరు. టైరు పక్కగోడ రబ్బరు పగుళ్ళిచ్చి, లోపలి నూలు పోగులు బయటపడతాయి. పోగులు కనిపించిన టైరు మాత్రం మార్చేయాల్సిందే.

మార్చేటప్పుడు ‘26 సైజు టైరు’ అని అడిగితే సరిపోదు. 26x1 3/8 అని రాసిన టైరు, 26x1.95 అని రాసిన టైరు వేర్వేరు రిమ్ములకి. మొదటిది కూర్చునే రిమ్ము కొలత 590 మిల్లీమీటర్లు, రెండోది కూర్చునేది 559. ఒకదానికి తెచ్చింది ఇంకోదానికి ఎంత తంటాలు పడ్డా పట్టదు. పాత టైరు మీద 37-590 అనో 50-559 అనో ఉండే అంకెని ఫోన్లో ఫోటో తీసుకుని షాపుకి వెళ్ళండి.

ఇక సీటు. మనవాళ్ళు సీటు మీద కూర్చుని రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనేలా పెట్టుకుంటారు. పడిపోతామన్న భయం. కానీ ఆ ఎత్తులో మోకాలు ఎప్పుడూ మడిచే ఉంటుంది, తొడ కండరం పూర్తిగా పనిచేయదు, భారమంతా మోకాలి చిప్ప మీద పడుతుంది. మోకాలి ముందు వైపు నొప్పి వస్తుంటే మొదట అనుమానించాల్సింది తక్కువ సీటునే. సరైన ఎత్తు పెట్టుకోవడానికి గోడ పక్కన సైకిల్ నిలబెట్టి, రోజూ వేసుకునే చెప్పులతోనో బూట్లతోనో సీటు మీద నిటారుగా కూర్చోండి. ఒక పెడల్‌ని పూర్తిగా కిందికి దింపి మడమని దాని మీద పెట్టండి. మడమ ఆనినప్పుడు కాలు నిలువుగా చాపినట్టు రావాలి. మోకాలు వంగితే సీటు పెంచాలి, మడమ అందడానికి నడుము ఒక పక్కకి ఒరిగితే తగ్గించాలి. తొక్కేటప్పుడు పెడల్ మీద ఉండేది పాదం ముందు భాగం కాబట్టి, ఈ ఎత్తులో మోకాలు తనంతట తానే కాస్త వంగి ఉంటుంది. అదే కావాల్సింది. ఎన్నాళ్ళుగానో తక్కువ సీటుకి అలవాటుపడినవాళ్ళు ఒకేసారి మార్చకుండా నాలుగైదు రోజులకోసారి ఒక సెంటీమీటరు పెంచుకుంటూ పోవడం మేలు. సీటు పైపు మీద గీత ఒకటి ఉంటుంది, ఆ గీత బయటికి కనిపించేంత పైకి లాగకూడదు. అప్పటికీ చాలకపోతే పొడవు పైపు వేయించుకోవాలి.

అంత ఎత్తులో ఆగడమెలా? సీటు మీద కూర్చుని ఆగకూడదు. బ్రేకు పట్టి వేగం తగ్గాక ఒక పెడల్‌ని కిందికి తెచ్చి, దాని మీద బరువేసి, సీటు వదిలి ముందుకి దిగి రెండో పాదం నేల మీద పెట్టాలి. బయల్దేరేటప్పుడు దీనికి తలకిందులు. ఒక పెడల్‌ని గడియారంలో రెండు గంటల ముల్లు ఉండేచోట పెట్టి, దాని మీద నిలబడి తొక్కితే సైకిల్ ముందుకి కదులుతుంది, ఆ ఊపులోనే సీటు మీదికి చేరతాం. ఖాళీ స్థలంలో ఒక పూట సాధన చేస్తే వచ్చేస్తుంది. సీటు ముక్కు పైకి గానీ కిందికి గానీ వాలకుండా నేలకి సమాంతరంగా ఉండాలి. ముక్కు కిందికి వాలితే ఒంటి బరువంతా అరచేతుల మీద పడి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. కింద నట్టు వదులు చేసి సరిచేసేటప్పుడు రెండు వైపులా కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించండి. ఒక వైపే బిగిస్తే లోపలి పళ్ళు అరిగి సీటు ఊగడం మొదలవుతుంది.

చైను గురించి ఒకే మాట: పైన మెరుస్తూ కనిపించే నూనె దేనికీ పనికిరాదు, లోపలికి వెళ్ళిందే పనిచేస్తుంది. రాపిడి జరిగేది పిన్నుకీ రోలరుకీ మధ్య. కాబట్టి ముందు పాత గుడ్డతో చైను పట్టుకుని పెడల్‌ని వెనక్కి తిప్పుతూ నల్లటి జిడ్డు తుడవండి. బాగా మట్టిపట్టి ఉంటే బ్రష్‌ని కిరోసిన్‌లోనో డీజిల్‌లోనో ముంచి రుద్ది, పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత ప్రతి రోలరు మీదా ఒక్కో చుక్క చైన్ ఆయిల్ వేసి, పది పదిహేను చుట్లు తిప్పి, పావుగంట ఆగి, పైన మిగిలినదంతా పొడిగుడ్డతో తుడిచేయండి. ఈ ఆఖరి తుడుపు మానేస్తే మన దుమ్ము దానికి అంటుకుని సానపెట్టే ముద్దలా మారి చైనుని తినేస్తుంది. కొబ్బరినూనె వద్దు, చలికాలం ఉదయాల్లో గడ్డకడుతుంది. వాడేసిన ఇంజన్ ఆయిల్‌లో ఇనుప రజను ఉంటుంది, అదీ వద్దు. డబ్ల్యూడీ-40 స్ప్రే తుప్పు వదిలించడానికి బాగుంటుంది గానీ చైను మీద ఎక్కువ రోజులు నిలవదు. కుట్టుమిషన్ నూనె పలచన కాబట్టి త్వరగా ఎండుతుంది, ఇంకేమీ దొరకనప్పుడు వాడుకోవచ్చు. డిస్క్ బ్రేకులున్న సైకిల్‌కి నూనె వేసేటప్పుడు డిస్కు మీద గుడ్డ కప్పండి. ఒక్క చుక్క పడినా బ్రేకు జారుతుంది, కీచుమంటుంది.

చైను సాగిందో లేదో తెలుసుకోవడానికి పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలు సరిపోదు, 12 అంగుళాల స్కేలు కావాలి. ఒక పిన్ను మధ్యలో సున్నా పెడితే, కొత్త చైనులో దాని తర్వాతి 24వ పిన్ను సరిగ్గా 12 అంగుళాల గీత మీదికి వస్తుంది. అది గీత దాటి అంగుళంలో పదహారో వంతు ముందుకి వెళ్ళిందంటే చైను మార్చే సమయం వచ్చింది. ఎనిమిదో వంతు దాకా వదిలేస్తే వెనక పళ్ళచక్రాలు కూడా అరిగిపోయి ఉంటాయి. అప్పుడు కొత్త చైను వేసినా గట్టిగా తొక్కినప్పుడల్లా పళ్ళ మీద ఎగిరి దూకుతుంది. గేర్లు లేని సైకిల్లో చైను మధ్యభాగం పైకీ కిందికీ కలిపి సుమారు అరంగుళం ఆడాలి. బిగుతు చూసేటప్పుడు పెడల్‌ని పూర్తిగా ఒక చుట్టు తిప్పి, అత్యంత బిగుతుగా ఉన్నచోట చూడండి.

గేర్లు కావాలా వద్దా అన్నది ఊరు చెబుతుంది. కృష్ణా, గోదావరి డెల్టా ఊళ్ళు బల్లపరుపు నేల. భీమవరంలోనో కాకినాడలోనో రోజువారీ పనులకి మడ్‌గార్డులు, చైన్ కవరు, క్యారియర్, గట్టి స్టాండు ఉన్న గేర్లు లేని సైకిలే నా దృష్టిలో మంచిది. బంజారాహిల్స్ ఎక్కాలన్నా, విశాఖ లోపలి వీధుల్లో తిరగాలన్నా గేర్లుంటే సుఖం. గేర్లు లేని సైకిలే ఉండి, దారిలో ఒక ఫ్లైఓవర్ ఉందంటే దానికీ చవకైన మార్గం ఉంది. వెనక ఫ్రీవీల్, అంటే చైను తిప్పే వెనక పళ్ళచక్రం, 18 పళ్ళదైతే అది తీయించి 20 లేదా 22 పళ్ళది వేయించండి. 22 వేస్తే ప్రతి తొక్కుకీ పెట్టాల్సిన బలం ఐదో వంతుకి దగ్గరగా తగ్గుతుంది. చదునులో కాళ్ళు కాస్త ఎక్కువసార్లు తిరుగుతాయి, అంతే. చైనుకి ఒక లింకు కలపాల్సి రావచ్చు.

గేర్లున్నవాళ్ళు చేసే తప్పు, బరువు గేరులోనే సిగ్నల్ దగ్గర ఆగి మళ్ళీ అందులోనే బయల్దేరడం. ఆగాక గేరు మారదు, చైను కదులుతుంటేనే మారుతుంది. కాబట్టి ఎర్రలైటు కనిపించగానే రెండు గేర్లు తేలిక చేసుకుని ఆగండి. కాళ్ళు నిమిషానికి 60 నుంచి 80 చుట్లు తిరుగుతుంటే మోకాళ్ళకి హాయి. కుడి మోకాలు 15 సెకన్లలో ఎన్నిసార్లు పైకి వచ్చిందో లెక్కపెట్టుకోండి. 15కి తగ్గితే గేరు తేలిక చేయాలి.

పంచర్ పడని టైరు లేదు, అయితే ఎందుకు పడిందో ట్యూబే చెబుతుంది, అడగాలి. ట్యూబు బయటికి లాగే ముందు వాల్వ్ టైరు మీద ఏ అక్షరానికి ఎదురుగా ఉందో గుర్తుపెట్టుకోండి. రంధ్రం దొరికాక ట్యూబుని టైరు పక్కన అదే అమరికలో పెడితే ముల్లు ఎక్కడుందో తిన్నగా చూపిస్తుంది. పక్కపక్కనే రెండు చిన్న గాట్లుంటే అది ముల్లు పని కాదు. గాలి తక్కువై, గుంతలో పడినప్పుడు ట్యూబు రిమ్ముకీ నేలకీ మధ్య నలిగింది. రంధ్రం లోపలి వైపు, అంటే రిమ్ముకి ఆనే వైపు ఉంటే రిమ్ము టేపు జరిగి స్పోకు కొన గుచ్చుకుంది. వాల్వ్ మొదట్లో చిరిగితే గాలి తక్కువై టైరు రిమ్ము మీద జారింది. దానికి ప్యాచ్ నిలవదు, ట్యూబు మార్చాలి. బయటి వైపు ఒకే రంధ్రం ఉంటేనే ముల్లో, మేకో, లారీ టైరులోంచి రాలిన సన్నటి ఇనుప తీగో. రెండు రాష్ట్రాల్లోనూ రోడ్ల వెంట సర్కారు తుమ్మ విపరీతం. రోడ్డు పక్కన కంపలు కొట్టిన వారంలో పంచర్లు ఎక్కువ. ఆ ముల్లు విరిగి కొన టైరులోనే ఉండిపోతుంది, బయటికి కనిపించదు. వేలితో తడిమితే వేలికి గుచ్చుకుంటుంది కాబట్టి టైరు లోపల నూలుగుడ్డ ఒకటి చుట్టూ తిప్పండి, ముల్లున్నచోట దారం పట్టుకుని ఆగుతుంది. బయటి నుంచి టైరు వంచి, సూదితోనో నెయిల్ కట్టరు కొనతోనో లాగేయండి. ఇది చేయకుండా ప్యాచ్ వేస్తే మర్నాడు మళ్ళీ అక్కడే పంచర్.

ప్యాచ్ ఊడిపోవడానికి సాధారణ కారణం తొందర. రంధ్రం చుట్టూ ప్యాచ్ కన్నా కాస్త పెద్ద వృత్తంలో ఉప్పుకాగితంతో రుద్ది ట్యూబు మీది మెరుపు పోగొట్టాలి. ట్యూబు అచ్చుగీత అడ్డొస్తే దాన్నీ చదును చేయాలి. సొల్యూషన్ పల్చగా రాసి ఐదు నిమిషాలు వదిలేయాలి. తడిగా ఉండగానే అంటించకూడదు, ముట్టుకుంటే వేలికి రానంత ఆరాలి. అప్పుడు ప్యాచ్ పెట్టి మధ్య నుంచి అంచులకి గట్టిగా ఒత్తాలి. టైరు తిరిగి ఎక్కించేటప్పుడు ట్యూబులో గుండ్రంగా నిలిచేంత కొద్దిగా గాలి నింపి, వాల్వ్‌కి ఎదుటి వైపు మొదలుపెట్టి వాల్వ్ దగ్గర ముగించండి. ఆఖరి బెత్తెడు బిగుతుగా ఉన్నప్పుడు స్క్రూడ్రైవర్ తీయొద్దు, దాంతో కొత్త పంచర్ చేసుకున్నట్టే. టైరు అంచుల్ని చుట్టూ రిమ్ము మధ్యనున్న పల్లంలోకి నొక్కుతూ వస్తే ఆ బెత్తెడు చేతులతోనే ఎక్కుతుంది.

వానాకాలంలో బ్రేకు మీద నమ్మకం సగానికి తగ్గించుకోండి. మెరిసే స్టీలు రిమ్ము తడిస్తే రబ్బరు దాదాపు పట్టదు, ఆగే దూరం బాగా పెరుగుతుంది. ఆగాల్సిన చోటికి చాలా ముందే బ్రేకుని తేలిగ్గా ఆనించి రెండు మూడు చుట్లు నీటిని తుడవనిచ్చి, తర్వాత గట్టిగా పట్టాలి. అల్యూమినియం రిమ్ములు ఈ విషయంలో మెరుగు. ముందు బ్రేకు అంటే భయపడి వెనకది ఒక్కటే వాడేవాళ్ళున్నారు. ఆపే బలంలో ఎక్కువ భాగం ముందు చక్రానిదే. ఒళ్ళు కాస్త వెనక్కి జరిపి రెండూ కలిపి, ముందుది క్రమంగా బిగిస్తూ పట్టాలి. మలుపులో, ఇసకలో మాత్రం ముందుదాన్ని వదిలేయాలి. బ్రేకు రబ్బరు రిమ్ముకి ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి, టైరుని తాకకూడదు. గరగరమంటే రబ్బరులో రాయి ముక్క దిగింది, పిన్నీసుతో పీకేయండి.

రోడ్డు మీద ఎడమ అంచుని అంటిపెట్టుకుని పోవడం సురక్షితం అనిపిస్తుంది గానీ కాదు. ఇసక, గాజు పెంకులు, మురుగు జాలీలు అన్నీ అక్కడే. జాలీ కడ్డీలు రోడ్డు పొడవునా ఉంటే సన్నటి టైరు అందులో దిగిపోతుంది. అంచు నుంచి రెండు మూరలు లోపలికి తిన్నగా సాగండి. ఆగి ఉన్న కార్ల పక్కన ఇంకాస్త ఎక్కువ దూరం ఉంచండి, తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు. రైలు పట్టాల్ని అడ్డంగా, నిలువు కోణంలో దాటాలి. చీకటి పడితే వెనక ఎర్రలైటు తప్పనిసరి. అది సంచికి కాదు, సీటు పైపుకి ఉండాలి. సంచి ఊగితే లైటు ఆకాశాన్ని చూస్తుంది.

చెమట సమస్య సగం సంచిదే. ల్యాప్‌టాప్ వీపు మీద కాకుండా క్యారియర్ పక్క సంచిలో పెడితే చొక్కా వెనక తడవదు. ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిదిలోపు చేరేలా బయల్దేరడం తప్ప వేరే ఉపాయం లేదు.

సరదాగా తొక్కడానికి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఉంది, 2023 అక్టోబరు 1న ప్రారంభమైంది. నీడ ఉంది, వాహనాలు లేవు. సీటు ఎత్తు సరిచూసుకోవడానికీ, గేర్ల సాధనకీ ఇంతకన్నా మంచి చోటు లేదు. అయితే అక్కడిదాకా సైకిల్‌ని కారుకి కట్టుకుని వెళ్ళే పరిస్థితి చాలామందిది. ఊరి మధ్య ఇళ్ళనీ ఆఫీసుల్నీ కలిపే దారులే మనకి ఇంకా కావాలి. విశాఖ బీచ్ రోడ్డులో భీమిలి వైపు వెళ్ళేవాళ్ళు ఎదురుగాలిలో బయల్దేరి వెనకగాలిలో తిరిగి రావడం చూసుకోవాలి. ఉప్పుగాలికి చైను, స్పోకు నిపుల్స్ (స్పోకుని రిమ్ముకి బిగించే చిన్న నట్లు) త్వరగా తుప్పుపడతాయి. ఇంటికొచ్చాక తడిగుడ్డతో తుడిచి, ఆరాక నూనె వేయడం అక్కడివాళ్ళకి తప్పనిసరి.

వానలు తగ్గాక, దసరా దీపావళి మధ్యలో ఏడాదికోసారి ఓవరాలింగ్ చేయించండి. మెకానిక్ హబ్బు (చక్రం మధ్యనున్న ఇరుసు భాగం) విప్పినప్పుడు పాత బేరింగు బాల్స్ కడిగి మళ్ళీ వేయనివ్వొద్దు, మొత్తం కొత్తవి వేయించాలి. పాతవీ కొత్తవీ కలిపితే కొత్తవాటి మీదే భారం పడి, బాల్స్ ఆని తిరిగే కోను పాడవుతుంది. బిగించాక ముందు చక్రాన్ని గాల్లోకి లేపి, రిఫ్లెక్టరునో వాల్వ్‌నో పక్కకి తెచ్చి వదలండి. దాని బరువుకి అదే మెల్లగా కిందికి దిగాలి. దిగకపోతే కోను బిగుతు ఎక్కువ. రిమ్ముని పక్కలకి కదిపితే టకటకమంటే వదులు. పెడల్స్ మారుస్తున్నారంటే దగ్గరుండి చూడండి. ఎడమ పెడల్‌ది ఉల్టా మర, మామూలు మరలా తిప్పి బలవంతంగా ఎక్కిస్తే క్రాంకు (పెడల్ బిగించే కడ్డీ) మరలు చెడిపోతాయి, క్రాంకే మార్చాల్సి వస్తుంది.